గడీ నీడ, కాన్వాసు వెలుగు: తోట వైకుంఠం కళలో కాలం, జ్ఞాపకం, వలసచరిత్ర

సారాంశం:

సమకాలీన భారతీయ కళలో వలసచరిత్రను గురించిన చర్చ ఎక్కువగా బ్రిటిషు వారు నేరుగా పాలించిన ప్రాంతాల చుట్టూ సాగింది. నిజాం పాలనలోని తెలంగాణకు ఆ చర్చలో దక్కిన చోటు తక్కువ. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన చిత్రకారుడు తోట వైకుంఠం చిత్రాలను, ఆయన కళాదర్శకత్వం వహించిన ‘దాసి’ చలనచిత్రాన్ని పక్కపక్కన ఉంచి, తెలంగాణ పల్లె గతాన్ని కళ ఏ విధంగా గుర్తుచేసుకుంటున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిత్రాలు మనిషికి నిండుదనాన్ని ఇచ్చి చరిత్రను పక్కన పెడతాయని, చలనచిత్రం ఆ చరిత్రను తిరిగి తెస్తుందని, ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆ కళాకారుని కృషి సమగ్రంగా అర్థమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలంగాణ చిత్రకళ, గడీ, వెట్టి, జ్ఞాపకం, వలసచూపు, దాసి, జగిత్యాల, సిరిసిల్ల.

1. ఉపోద్ఘాతం:

వలసపాలన అనగానే తీరాంధ్ర పాఠకునికి మచిలీపట్నం గుర్తుకువస్తుంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకస్థానాన్ని నెలకొల్పింది. ఓడ, గిడ్డంగి, అద్దకపు బట్ట, కలెక్టరు కచేరీ అనే గుర్తులతో ఆ చరిత్రను చెప్పుకోవచ్చు. కోరుట్ల, కథలాపూర్, సిరిసిల్ల ప్రాంతపు పాఠకునికి అలాంటి గుర్తులు లేవు. ఇక్కడి జ్ఞాపకంలో తెల్లదొర లేడు, దొర ఉన్నాడు. కోట లేదు, గడీ ఉంది. అందువల్ల ఈ ప్రాంతపు గతాన్ని ‘భూస్వామ్యం’ అనే మాటతో ముగించి, వలసచరిత్రకు బయట ఉంచడం పరిపాటి అయింది.

ఈ విభజన కళావిమర్శలోనూ కొనసాగింది. వలసకాలాన్ని ప్రశ్నించే కళాకారులు ఒక వరుసలో, ‘జానపద సౌందర్యాన్ని’ చిత్రించే కళాకారులు మరొక వరుసలో నిలిచారు. వైకుంఠం రెండో వరుసలో స్థిరపడిపోయారు. ఆయన చిత్రాల గురించి వచ్చిన రచనల్లో రంగు, బొట్టు, చీర, పల్లెతనం అనే మాటలు పదేపదే కనిపిస్తాయి. కాలం, అధికారం, శ్రమ అనే మాటలు అరుదు. ఈ వర్గీకరణ ఎంతవరకు నిలుస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. గడీ: పాతకాలపు శేషమా, వలసకాలపు నిర్మాణమా?

1798 ఒప్పందంతో హైదరాబాదు సంస్థానం సైనికంగానూ, విదేశ వ్యవహారాలలోనూ కంపెనీకి లోబడింది. నగరంలోని కోఠి రెసిడెన్సీ భవనం ఆ లోబాటుకు రాతిరూపం. పంతొమ్మిదో శతాబ్ది రెండో సగంలో మొదటి సాలార్‌జంగ్ పాలనా సంస్కరణలు చేపట్టాడు. 1865 నాటి జిలాబందీతో జిల్లాల వ్యవస్థ ఏర్పడింది. శిస్తు వసూలును గుత్తకిచ్చే పాతపద్ధతి క్రమంగా తొలగింది. వసూలు బాధ్యత కోల్పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు రుసుముల రూపంలో పరిహారం దక్కింది. భూమి కొలతలు, కాగితాలు, పట్టాలు వచ్చిన ఆ దశలోనే వారిలో పలువురు విస్తారమైన భూములను తమ పేర రాయించుకోగలిగారు.

ఈ వరుసను గమనిస్తే గడీ అనాది కాలపు అవశేషం కాదని తెలుస్తుంది. బ్రిటిషు ఇండియా నమూనాలో రూపొందిన రెవెన్యూ సంస్కరణ, పట్టా కాగితం, వాణిజ్య పంటల మార్కెట్టు కలిసి దానికి కొత్త బలాన్నిచ్చాయి. అనేక గడీలలో కనిపించే విదేశీ పింగాణీ, రంగుటద్దాలు, గోడ గడియారాలు కేవలం విలాస వస్తువులు కావు. ఆ ఇంటి కాలం ఎవరి కాలంతో ముడిపడి ఉన్నదో అవి చెబుతాయి. గడియారం దొర హాలులో ఉంటుంది. వెట్టివాని పనికి మాత్రం వేళ లేదు. ఒకే కప్పు కింద రెండు కాలాలు నడిచాయి. వెట్టి, నాగు, ఆడబాప అనే మాటలన్నీ ఈ రెండో కాలానికి చెందినవి.

కాబట్టి తెలంగాణ పల్లెలో వలసాధికారం తన సొంత ముఖంతో రాలేదు. దొర ముఖంతో వచ్చింది. ఇక్కడి కళ వలసచరిత్రను తలచుకోవాలంటే గడీని తలచుకోక తప్పదు.

3. మనిషిని ‘రకం’గా చూసే చూపు:

వలసపాలన భూమినే కాక మనుషులను కూడా కొలిచింది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ భారతదేశ ప్రజలను ఛాయాచిత్రాల ద్వారా కులాలుగా, తెగలుగా వర్గీకరించింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు ప్రచురించాడు. నిజాం రాజ్యానికి సంబంధించి సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం 1920లో వచ్చింది. ఈ గ్రంథాలలో మనిషికి సాధారణంగా పేరు ఉండదు, కులం ఉంటుంది. అతడు ఫలానా మనిషిగా కాక ఒక రకానికి ఉదాహరణగా నిలబడతాడు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ చిత్రాలలో దర్బారులు, వేటలు, రాజభవనాలు, విదేశీ అతిథులు ఎక్కువ. గ్రామీణ పేదలు అధికారుల దృష్టికి వచ్చిన సందర్భాలలో మాత్రమే, ముఖ్యంగా కరువు సహాయక చర్యలను నమోదు చేసిన చిత్రాలలో, కనిపిస్తారు. అంటే పల్లెజనం పాలకుల దయకు సాక్ష్యంగా దృశ్యంలోకి వచ్చారు.

మానవశాస్త్రం తాను పరిశీలించే మనుషులను తనతో సమానమైన కాలంలో ఉన్నవారిగా ఒప్పుకోదని యోహానెస్ ఫేబియన్ 1983లో ప్రచురించిన ‘టైమ్ అండ్ ది అదర్’ గ్రంథంలో వాదించాడు. పరిశీలకుడు వర్తమానంలో ఉంటాడు. పరిశీలితుడు ఎప్పుడూ గతంలోనే ఉంటాడు. తెలంగాణ పల్లెమనిషిని చిత్రించే ఏ ఆధునిక కళాకారునికైనా ఈ వారసత్వంతో తలపడవలసిన అవసరం ఉంది. అతడు గీసే మనిషి ‘రకం’గా మిగులుతాడా, వ్యక్తిగా నిలుస్తాడా? గతంలో ఆగిపోతాడా, చూసేవారి కాలంలోకి వస్తాడా?

4. వైకుంఠం చిత్రాలు: జ్ఞాపకం నడిచిన దారి

తోట వైకుంఠం 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించారు. హైదరాబాదు లలితకళా కళాశాలలో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ మార్గదర్శకత్వంలో శిక్షణ పొందారు. జానపద రూపాలను ఆధునిక చిత్రభాషలోకి తేవడంలో సుబ్రమణ్యన్ ప్రభావం ప్రసిద్ధం. బరోడా వైకుంఠానికి ఒక కొత్త శైలిని అరువిచ్చి పంపలేదు. సొంత ఊరు కూడా చిత్రానికి వస్తువు కాగలదన్న ధైర్యాన్నిచ్చింది.

ఆయన స్త్రీమూర్తులు సుపరిచితులు. చామనఛాయ కంటే ముదురైన ఒళ్లు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, సిగలో పూలు, ముక్కుకు, చెవులకు నగలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వంటి చిక్కటి రంగుల చీరలు, కాన్వాసు అంచులను తాకే నిండైన దేహాలు. వెనుక దృశ్యం దాదాపు ఉండదు. ఇల్లు, పొలం, వీధి కనిపించవు. ఆ మనిషే అక్కడి స్థలం.

ఈ రూపాలకు మూలంగా రెండు విషయాలు చెబుతారు. ఒకటి, తల్లి, ఊరి ఆడవాళ్ల జ్ఞాపకం. రెండోది, బాల్యంలో ఊరికి వచ్చిన నాటక సమాజాలలో ఆడవేషాలు కట్టిన మగ కళాకారులు. విమర్శకులు మొదటిదానికి ఇచ్చినంత ప్రాధాన్యం రెండోదానికి ఇవ్వలేదు. నిజానికి చిత్రాల తీరు రెండోదానితోనే ఎక్కువగా తెలుస్తుంది. ఆడవేషం కట్టే నటుడు స్త్రీత్వాన్ని గుర్తులుగా విడదీస్తాడు. బొట్టును పెద్దది చేస్తాడు, నగలను మెరిపిస్తాడు, చీరకట్టును, నడకను దూరాన కూర్చున్న ప్రేక్షకునికి సైతం అందేటట్లు సాగదీస్తాడు. వైకుంఠం స్త్రీ కూడా అలాగే గుర్తుల కూర్పు. ఆమె పొలంలోంచి కంటే రంగస్థలం మీదినుంచే ఎక్కువగా వచ్చింది. కనుక ఈ చిత్రాలను ‘పల్లె వాస్తవికత’గా చదవడం పొరపాటు. ఇవి జ్ఞాపకానికి సంబంధించిన చిత్రాలు. అదీ ఒకసారి వేషంగా మారిన జీవితాన్ని మరొకసారి రంగుగా మార్చిన జ్ఞాపకం.

ఇక వలసకాలపు వర్గీకరణతో పోల్చి చూడాలి. వైకుంఠం చిత్రాల్లోని మనుషులకూ తరచు పేర్లుండవు. స్త్రీ, పంతులు, జంట అనే నమూనాలు మళ్లీమళ్లీ వస్తాయి. పైపైన చూస్తే ఇది పాత వర్గీకరణకు రంగులద్దినట్లే కనిపించవచ్చు. కానీ ఒక తేడా ఉంది. వర్గీకరణ ఛాయాచిత్రంలో మనిషి కెమెరా ముందు నిలబెట్టబడ్డాడు. చుట్టూ ఉన్న ఖాళీ అతణ్ణి చిన్నవాణ్ణి చేస్తుంది. వైకుంఠం స్త్రీ ఖాళీని మిగల్చదు. చట్రమంతా తానే నిండుతుంది. ఆమె చూపు చూసేవారిని వేడుకోదు, పలుమార్లు పట్టించుకోదు కూడా. తనలో తాను, లేదా పక్కనున్న తోటి ఆడమనిషితో ఆమెకు ఏదో వ్యవహారం ఉంది. కొలిచే చూపుకు ఈ దేహం లొంగదు.

5. అలంకారం: ధిక్కారమా, మరుపా?

వైకుంఠం చిత్రాలపై సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. వెట్టి, కరువు, వలస చవిచూసిన నేలలో ఇంత పండుగ ఎక్కడిది? ఈ స్త్రీలు ఎప్పుడు పనిచేస్తారు? వారి చేతులపై కాయలేవి?

దీనికి బలమైన సమాధానం కూడా ఉంది. గడీ కట్టుబాట్లలో అలంకారం స్వేచ్ఛావిషయం కాదు. ఎవరు ఏ బట్ట కట్టాలి, ఏ నగ పెట్టాలి, దొర ఎదుట ఎలా నిలబడాలి అన్నది అధికారంలో భాగం. అలాంటి చోట శ్రామిక కులాల స్త్రీకి నిండైన రంగును, నగను, నిటారైన మెడను ఇవ్వడం చిన్న విషయం కాదు. దొరసానికి మాత్రమే దక్కిన శోభను చిత్రకారుడు ఊరికి పంచినట్లయింది.

అయితే ఈ సమాధానానికి ఒక షరతు ఉంది. నిషేధం ఉండేదని తెలిసిన ప్రేక్షకునికి మాత్రమే ఆ అలంకారం ధిక్కారంగా కనిపిస్తుంది. తెలియనివారికి అది కనులకింపైన బొమ్మ. నేపథ్యాన్ని పూర్తిగా తొలగించిన చిత్రం ఆ నిషేధాన్ని తనలో ఎక్కడా నమోదు చేయదు. అందువల్ల దాని రాజకీయం ప్రేక్షకుని జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. ఆ జ్ఞాపకం సన్నగిల్లినకొద్దీ చిత్రం కూడా సౌమ్యమవుతుంది. ఇది వైకుంఠం కళలోని అసలు సంక్లిష్టత. అభిమానులు గాని, ఆక్షేపించేవారు గాని దీన్ని తగినంతగా పట్టించుకోలేదు.

6. ‘దాసి’: అదే చేయి, మరొక కాలం

ఈ చర్చకు కీలకమైన ఆధారం చిత్రశాలలో కాక చలనచిత్రంలో ఉంది. బి. నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన ‘దాసి’కి కళాదర్శకులు వైకుంఠం. ఆ చిత్రం ఐదు జాతీయ పురస్కారాలు పొందింది. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి (అర్చన), ఛాయాగ్రహణం (ఎ.కె. బీర్), వేషధారణ (సుదర్శన్) పురస్కారాలతోపాటు కళాదర్శకత్వ పురస్కారం వైకుంఠానికి దక్కింది.

కథాకాలం 1920లు. దొరసానితోపాటు గడీకి వచ్చిన దాసి కమలాక్షి జీవితమే కథావస్తువు. దొర కామానికి ఆమె దేహం అందుబాటులో ఉండాలి. దాని ఫలితంగా కడుపు పండితే దానిపై ఆమెకు హక్కు లేదు. మాటలు తక్కువగా, పనులు ఎక్కువగా ఉన్న ఈ చిత్రంలో నీళ్లు తోడడం, ఊడవడం, వడ్డించడం, పిలుపు కోసం నిలబడటం వంటి పనుల పునరావృత్తియే కథనంగా మారింది. దాసికి చరిత్ర లేదు, దినచర్య ఉంది. గడీ ఆమె నుంచి కాలాన్నే అపహరించిందని చిత్రం వాదనగా చెప్పదు, అనుభవంలోకి తెస్తుంది.

ఇక్కడ వైకుంఠం కాన్వాసు తలకిందులైంది. చిత్రాల్లో నేపథ్యం లేదు, మనిషే సర్వస్వం. చలనచిత్రంలో నేపథ్యమే అధికారం. గోడలు, గడపలు, అరుగులు, వాకిళ్లు ఎవరు ఎక్కడివరకు రావచ్చునో నిర్ణయిస్తాయి. చిత్రాల్లో చట్రాన్ని నింపిన స్త్రీదేహం ఇక్కడ ఆ కట్టడంలో ఒదిగి, ఒక మూలకు చేరుతుంది. వలసకాలపు వర్గీకరణ గ్రంథం హైదరాబాదు రాజ్యపు కులాలను అచ్చులోకి ఎక్కించిన దశాబ్దాన్నే ఈ చిత్రం ఎన్నుకొన్నది. గ్రంథం లెక్కించిన మనిషికి చలనచిత్రం పేరు ఇచ్చింది.

కాబట్టి వైకుంఠానికి గడీ తెలియక కాదు, ఆయన కాన్వాసు దాన్ని బయట నిలిపింది. గడీ లేని చోట ఈ స్త్రీ ఎలా ఉండేది అన్నది చిత్రాల ఊహ. గడీలో ఎలా ఉండవలసి వచ్చింది అన్నది చలనచిత్రపు సాక్ష్యం. రెండింటినీ విడదీస్తే ఊహ అలంకారంగా, సాక్ష్యం విషాదంగా మిగిలిపోతాయి. కలిపితే ఒకదానికొకటి అర్థమిస్తాయి.

7. జగిత్యాల - సిరిసిల్ల: జ్ఞాపకానికి కాలం వచ్చిన సందర్భం

ఈ కళ వెనుక ఉన్న నేల నిశ్చలమైనది కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలతో జరిగిన ప్రదర్శన ‘జగిత్యాల జైత్రయాత్ర’గా ప్రసిద్ధమైంది. వెట్టి రద్దు, కూలిరేట్లు, దొరల ఆక్రమణలోని భూముల విడుదల ఆ ఉద్యమపు డిమాండ్లలో ముఖ్యమైనవి. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పలువురు దొరలు ఊళ్లు విడిచి పట్టణాలకు వెళ్లారు. గడీలు ఖాళీ అయ్యాయి.

1940ల సాయుధ పోరాటాన్ని చిత్రించిన ‘మాభూమి’ 1980లో విడుదలైంది. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యంతో రూపొందిన ఆ చిత్రం ప్రేక్షకులకు ముప్పై ఏళ్ల కిందటి కథగా అందలేదు. నిన్నమొన్నటి జగిత్యాల వార్తగా కూడా అందింది. గతం వర్తమానానికి ఎలా పనికివస్తుందో చెప్పే ఉదాహరణ ఇది. ‘దాసి’ ఆ తరువాత వచ్చింది. పోరాటాన్ని చూపిన చిత్రం తరువాత, ఆ పోరాటానికి కారణమైన మౌనాన్ని చూపిన చిత్రం రావడం గమనించదగినది.

కథలాపూర్ వంటి మండలంలో ఈ చరిత్ర నేటికీ భాషలో నిలిచి ఉంది. భూషణరావుపేట వంటి ఊరిపేరు వ్యక్తినామాన్ని భూమికి అంటించి ఉంచింది. ఊరిపేరు కూడా ఒక రకం దస్తావేజే. మరోవైపు ఈ ప్రాంతపు వర్తమానం బీడీ చాట ముందు కూర్చున్న స్త్రీది, గల్ఫ్ దేశాలకు వెళ్లిన పురుషునిది, సిరిసిల్ల మరమగ్గాలదీ. మగవాడు ఏళ్ల తరబడి దూరమైన ఇంట్లో కాలం ఫోను పిలుపుతో, పంపిన డబ్బుతో కొలవబడుతుంది. వైకుంఠం చిత్రాల్లోని స్త్రీలలో చాలామంది ఒంటరిగానో, తోటి స్త్రీలతోనో ఉంటారు. ఈ ప్రాంతపు ప్రేక్షకురాలు ఆ ఒంటరితనాన్ని నేటి అర్థంతో చదవగలదు. చిత్రకారుడు ఉద్దేశించాడా లేదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. చిత్రం గతంలో ఆగిపోకుండా వర్తమానంలోకి వచ్చేది ఇలాంటి పఠనం వల్లనే.

8. దస్తావేజు దారి, జ్ఞాపకం దారి:

హైదరాబాదులో జన్మించి బరోడాలో శిక్షణ పొందిన లావణ్య మణి వలసచరిత్రను మరొక విధంగా సమీపించారు. కలంకారీ పద్ధతినీ, సహజమైన రంగులనూ స్వీకరించి, బట్ట వ్యాపారం, సముద్రయానం, యాత్రావృత్తాంతాలు అనే వలసకాలపు సామగ్రిని ఆమె ప్రశ్నించారు. ఏ బట్ట కోసం వర్తకులు కోరమండల్ తీరానికి వచ్చారో ఆ పద్ధతిలోనే వారి కథను తిరిగి చెప్పడం ఆమె విధానంలోని బలం. ఇది దస్తావేజును చదివే కళ.

తెలంగాణ శ్రామిక స్త్రీకి అలాంటి దస్తావేజు మిగలలేదు. పట్టా దొర పేర ఉంది. ఛాయాచిత్రం పాలకుని ఆల్బంలో ఉంది. వర్గీకరణ గ్రంథంలో ఆమె కులం మాత్రమే ఉంది. ఆధారం లేని చోట కళాకారునికి మిగిలేది జ్ఞాపకం. వైకుంఠం దారి అనివార్యమైంది అందుకే. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. దస్తావేజు తేదీ చెబుతుంది. జ్ఞాపకం తేదీ చెప్పదు. తేదీ లేని గతం త్వరగా ‘సంప్రదాయం’ అయిపోతుంది.

9. ముగింపు:

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత పెద్దబొట్టు, చిక్కటి రంగుల చీర ఉన్న స్త్రీరూపం ప్రాంతీయ అస్తిత్వానికి చిహ్నంగా వ్యాపించింది. ఆ శైలికి అనుకరణలు గోడలపై, ఆహ్వానపత్రికలపై, హోటళ్ల అలంకరణలో కనిపిస్తాయి. కోస్తా కేంద్రిత సాంస్కృతిక ప్రమాణాల మధ్య అవమానితమైన రూపానికి ఇది గౌరవమే. కానీ ఈ వ్యాప్తిలో వైకుంఠం కృషిలోని ఒక సగమే ప్రచారం పొందింది. ‘దాసి’ గోడల మీదికి ఎక్కలేదు. పండుగను చిహ్నంగా స్వీకరించిన సమాజం గడీని చిహ్నంగా స్వీకరించదు. ఆ ఎంపికలోనే మరుపు పని చేస్తున్నది.

ఇందులో నష్టపోయేది చిత్రకారుని కీర్తి కాదు. కమలాక్షి వంటి స్త్రీల చరిత్ర. దొర పట్టాలోనూ, పాలకుని ఆల్బంలోనూ చోటు దొరకనివారు, సొంత రాష్ట్రపు చిహ్నంలో కూడా చరిత్ర లేని అలంకారంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వైకుంఠం చిత్రాలను విశ్వవిద్యాలయాలలో, కళాశాలల్లో బోధించేటప్పుడు ‘దాసి’తో కలిపి బోధించడం, ఆ రెండింటినీ జిలాబందీ నుంచి జైత్రయాత్ర వరకు సాగిన స్థానిక చరిత్రతో జోడించడం అవసరం. శిథిలమవుతున్న గడీలు, వాటిలో పనిచేసినవారి వారసుల మౌఖిక కథనాలు ఇంకా సేకరించదగిన స్థితిలో ఉన్నాయి. అవి చేరినప్పుడు కాన్వాసు మీది ఆ స్త్రీ కేవలం అందమైన రూపంగా కాక, దేన్ని దాటి అంత నిండుగా నిలబడిందో తెలిసిన మనిషిగా కనిపిస్తుంది.